మాస్టర్‌మైండ్ (బ్రిటిషు టెలివిజను కార్యక్రమం)

మాస్టర్‌మైండ్ బ్రిటిషు ప్రసార సంస్థ బి.బి.సి. టెలివిజనులో 1972 సెప్టెంబరు 11న మొదలైన ప్రశ్నోత్తరాల పోటీ (క్విజ్) కార్యక్రమం. 1997లో ఒకసారి ఆగిపోయినా 2003లో తిరిగి ప్రారంభమై, మొత్తం మీద అర్ధ శతాబ్దం దాటి కొనసాగిన అతి కొద్ది టెలివిజను క్విజ్‌లలో ఒకటిగా నిలిచింది. చీకటి వేదిక, మధ్యలో ఒక నల్లని కుర్చీ, దానిపై పడే వెలుగు, ఎదురుగా ప్రశ్నలు అడిగే వ్యక్తి - ఇవి ఈ కార్యక్రమపు గుర్తులు. ప్రతి పోటీదారుడూ తనకు నచ్చిన ఒక "ప్రత్యేక అంశాన్ని" తానే ఎంచుకొని దానిపై ప్రశ్నలను ఎదుర్కోవడం ఈ పోటీలోని ముఖ్య విశేషం. విజేతకు నగదు బహుమతి ఉండదు. ఒక గాజు పాత్ర మాత్రమే లభిస్తుంది.

రంగురంగుల మేకులతో ఇద్దరు ఆడుకొనే "మాస్టర్‌మైండ్" అనే ఇంటి ఆటకు, ఈ కార్యక్రమానికి సంబంధం లేదు.

పుట్టుక

ఈ కార్యక్రమాన్ని రూపొందించినవాడు బి.బి.సి. నిర్మాత బిల్ రైట్. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అతడు జర్మనుల చేతికి చిక్కి, వారి రహస్య పోలీసు విభాగమైన గెస్టపో విచారణను ఎదుర్కొన్నాడు. ఆ అనుభవమే ఈ ఆటకు ప్రేరణ అయింది. శత్రువుకు పట్టుబడిన సైనికుడు తన పేరు, హోదా, సంఖ్య చెబితే చాలునన్నది యుద్ధఖైదీలకు సంబంధించిన నియమం. రైట్ ఆ మూడింటి స్థానంలో పేరు, వృత్తి, ప్రత్యేక అంశం అనే మూడింటిని పెట్టాడు. కుర్చీలో కూర్చున్న వ్యక్తి మొదట చెప్పవలసినవి ఇవే. చుట్టూ చీకటి, ఒక్కరి మీదే వెలుగు, ఊపిరి తీసుకోనీయని ప్రశ్నల వరుస కూడా విచారణ గదిని గుర్తుకు తెచ్చేవే. నీల్ రిచర్డ్‌సన్ కూర్చిన "అప్రోచింగ్ మెనేస్" అనే వాద్యగీతాన్ని ప్రారంభ సంగీతంగా వాడారు. ఆ పేరుకు "ముంచుకొస్తున్న ముప్పు" అని అర్థం.

మొదట్లో ఇది పండితులకు మాత్రమే నచ్చుతుందని భావించి ఆదివారం రాత్రి బాగా పొద్దుపోయిన తరువాత ప్రసారం చేశారు. 1973లో "కాసనోవా '73" అనే హాస్య ధారావాహికపై అభ్యంతరాలు రావడంతో దానిని రాత్రి ముఖ్య ప్రసార వేళ నుండి తప్పించి, ఆ ఖాళీలో మాస్టర్‌మైండ్‌ను వేశారు. అనుకోకుండా దక్కిన ఆ స్థానంతో కార్యక్రమం దేశమంతటా ఆదరణ పొందింది.

ఆట విధానం

సాధారణంగా ఒక్కొక్క పోటీలో నలుగురు పాల్గొంటారు. ఆట రెండు భాగాలుగా జరుగుతుంది.

* మొదటి భాగం: పోటీదారుడు ఎంచుకొన్న ప్రత్యేక అంశంపై ప్రశ్నలు. దీనికి సాంప్రదాయికంగా రెండు నిమిషాల వ్యవధి ఇస్తారు.
* రెండవ భాగం: సామాన్య విజ్ఞానంపై ప్రశ్నలు. దీనికి కూడా మొదట రెండు నిమిషాలే ఉండేవి. తరువాతి కాలంలో రెండున్నర నిమిషాలకు పెంచారు.

ప్రతి సరైన జవాబుకు ఒక పాయింటు. తప్పు చెబితే పాయింట్లు తగ్గవు గాని, నిర్వాహకుడు వెంటనే సరైన జవాబు చెబుతాడు కనుక కొంత సమయం పోతుంది. తెలియనప్పుడు "పాస్" అనవచ్చు. అలా వదిలిన ప్రశ్నల జవాబులను ఆ భాగం ముగిసిన తరువాతే చదువుతారు కాబట్టి సమయం కలసివస్తుంది. కాని ఇద్దరికి సమానంగా పాయింట్లు వస్తే తక్కువ "పాస్"లు చెప్పినవారే గెలుస్తారు. అందువలన తెలియని ప్రశ్నకు ఊహించి జవాబు చెప్పాలా, వదిలివేయాలా అన్నది క్షణంలో తేల్చుకోవలసిన విషయమవుతుంది.

గడువు ముగిసినట్లు గంట మోగే సమయానికి ప్రశ్న సగంలో ఉంటే, దానిని పూర్తిగా చదివి జవాబుకు అవకాశం ఇస్తారు. అప్పుడు నిర్వాహకుడు "మొదలుపెట్టాను కాబట్టి పూర్తి చేస్తాను" అనే అర్థం వచ్చే వాక్యం చెబుతాడు. ఈ వాక్యం ఇంగ్లీషు వాడుకలో నానుడిగా స్థిరపడింది.

ప్రాథమిక పోటీల విజేతలు సెమీ ఫైనల్సుకు, అక్కడి విజేతలు ఫైనలుకు చేరుకుంటారు. 31 భాగాల సిరీసులలో 24 ప్రాథమిక పోటీలు, 6 సెమీ ఫైనళ్ళు, ఒక ఫైనలు ఉంటాయి. పై దశకు వెళ్ళినవారు కొత్త ప్రత్యేక అంశాన్ని ఎంచుకోవాలి. కాబట్టి విజేత కాదలచినవారు ఒక్క విషయంలో నిష్ణాతులైతే చాలదు. మూడు వేర్వేరు అంశాలను అదే లోతున చదవవలసి ఉంటుంది.

నిర్వాహకులు

మొదటి పాతికేళ్ళు (1972 - 1997) కార్యక్రమాన్ని నడిపినవాడు మాగ్నస్ మాగ్నసన్ (1929 - 2007). ఇతడు ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లో జన్మించి స్కాట్లండులో పెరిగాడు. పాత్రికేయుడు, ఐస్‌లాండు ప్రాచీన వీరగాథలను ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదకుడు. ఆ కాలంలో చిత్రీకరణ ఎక్కువగా విశ్వవిద్యాలయాల సభామందిరాలలో జరిగేది. 1997లో చివరి ఫైనలును ఆర్క్‌నీ దీవులలోని కిర్క్‌వాల్ పట్టణంలో, సెయింట్ మాగ్నస్ కెథెడ్రల్‌లో చిత్రీకరించారు. కార్యక్రమం ముగిసిన తరువాత నల్ల కుర్చీని మాగ్నసన్‌కే కానుకగా ఇచ్చారు.

ఆ తరువాత 1998 నుండి 2000 వరకు పీటర్ స్నో నిర్వహణలో ఇది రేడియోలో నడిచింది. 2001లో క్లైవ్ ఆండర్సన్ నిర్వాహకుడుగా డిస్కవరీ ఛానెల్‌లో ప్రసారమైంది. 2003లో బి.బి.సి. రెండవ ఛానెల్‌లో తిరిగి మొదలైనపుడు జాన్ హంఫ్రీస్ బాధ్యత తీసుకొని 2021 వరకు కొనసాగాడు. 2021లో వార్తా పాత్రికేయుడు క్లైవ్ మైరీ ఆ స్థానంలోకి వచ్చాడు.

ప్రత్యేక అంశాలు

పోటీదారులు ఎంచుకొన్న అంశాల జాబితాను వరుసగా చూస్తే, "తెలుసుకోదగిన విషయం" అంటే ఏమిటన్న దానిపై బ్రిటిషు సమాజంలో వచ్చిన మార్పు కనిపిస్తుంది. తొలి సంవత్సరాలలో అంశాలు విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికకు దగ్గరగా ఉండేవి. సాహిత్యం, సంగీతం, ప్రాచీన గ్రీకు, రోమను చరిత్ర వంటివి ఎక్కువగా వచ్చేవి. క్రమంగా నవలా నాయకులు, రైలు ఇంజన్లు, ఫుట్‌బాల్ పోటీలు, టెలివిజను ధారావాహికలు కూడా వాటి సరసన చేరాయి. కొందరు విజేతలు ఎంచుకొన్న అంశాలలో కొన్ని:

* 1972 - నాన్సీ విల్కిన్‌సన్: ఫ్రెంచి సాహిత్యం
* 1974 - ఎలిజబెత్ హారక్స్: షేక్‌స్పియర్ నాటకాలు; జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచనలు, డొరొతీ సేయర్స్ రచనలు
* 1975 - జాన్ హార్ట్: క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు, క్రీ.పూ. 1వ శతాబ్దపు రోము
* 1980 - ఫ్రెడ్ హౌస్‌గో: రాజు రెండవ హెన్రీ, వెస్ట్‌మినిస్టర్ అబ్బే, లండన్ టవర్
* 1983 - క్రిస్టఫర్ హ్యూస్: బ్రిటిషు ఆవిరి రైలు ఇంజన్లు, "ఫ్లాష్‌మన్" నవలలు
* 1993 - గావిన్ ఫుల్లర్: "డాక్టర్ హూ" ధారావాహిక, బ్రిటిషు దీవులలోని మధ్యయుగ కోటలు, క్రూసేడు యుద్ధాలు
* 2004 - షాన్ వాలెస్: ఎఫ్.ఎ. కప్ ఫుట్‌బాల్ ఫైనళ్ళు
* 2021 - జొనాథన్ గిబ్సన్: ఫ్లాండర్స్, స్వాన్ జంట హాస్యగీతాలు

గావిన్ ఫుల్లర్ ఎంపిక ఈ మార్పుకు మంచి ఉదాహరణ. ఒక టెలివిజను ధారావాహిక, కోటల నిర్మాణం, మధ్యయుగ మతయుద్ధాలు - ఈ మూడూ ఒకే పోటీదారుని ఎంపికలు. పాయింట్ల లెక్కలో వీటి మధ్య హెచ్చుతగ్గులు లేవు.

అంశం పరిధిని నిర్ణయించడం

కోరిన ప్రతి అంశాన్నీ అంగీకరించరు. అనేక ప్రశ్నలు తయారుచేయడానికి తగినంత విషయం ఉండాలి. అదే సమయంలో ఒక మనిషి కొద్ది నెలలలో చదవలేనంత విస్తారంగా ఉండకూడదు. అందుకే "చరిత్ర" అనకుండా ఒక రాజు పాలనాకాలం, "సాహిత్యం" అనకుండా ఒక రచయిత కృతులు అన్నట్లు హద్దులు గీస్తారు. లెచ్‌వర్త్ పట్టణం నుండి బ్రిటనులోని ఏ ఊరికైనా వెళ్ళే రోడ్డు మార్గాలు, తుంటి కీలు మార్పిడిలో వాడే ఎముక సిమెంటు, అరటిపండ్ల పరిశ్రమ, బ్రిటనులో శవదహన చట్టాలు, పద్ధతులు - ఇవి తిరస్కరణ పొందిన ప్రతిపాదనలుగా ప్రసిద్ధికెక్కాయి. బాగా జనాదరణ గల అంశాలతో మరో ఇబ్బంది ఉంది. ఒకే నవలల వరుసనో, ఒకే ధారావాహికనో పలువురు కోరుకుంటే, ముందు సంవత్సరాలలో అడగని ప్రశ్నలు దొరకడం కష్టమవుతుంది.

ప్రముఖ పోటీదారులు

మొదటి మూడు సంవత్సరాలలో - 1972, 1973, 1974 - విజేతలు ముగ్గురూ మహిళలే. 1977లో గెలిచిన సర్ డేవిడ్ హంట్ రాయబారిగా పనిచేసిన వ్యక్తి. ఇతడు 1982లో పూర్వ విజేతల మధ్య జరిగిన పోటీలో కూడా గెలిచాడు. 1979 విజేత ఫిలిప్ జెంకిన్స్ తరువాత మతచరిత్రకారుడుగా పేరు పొందాడు. 1997 విజేత ఆన్ ఆషర్స్ట్, సారా క్రేవన్ అనే కలం పేరుతో ప్రేమకథా నవలలు రాసిన రచయిత్రి.

కార్యక్రమానికి అత్యంత ఖ్యాతి తెచ్చినవారిలో ఫ్రెడ్ హౌస్‌గో ఒకడు. లండన్ టాక్సీ డ్రైవరైన ఇతడు 1980లో విజేతగా నిలిచాడు. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం నగరంలోని వేలాది వీధులను కంఠస్థం చేసి "నాలెడ్జ్" అనే కఠినమైన పరీక్షలో నెగ్గాలి. అయినా ఒక టాక్సీ డ్రైవరు మధ్యయుగ చరిత్రపై జవాబులు చెప్పి గెలవడం పత్రికలకు పెద్ద వార్త అయింది. హౌస్‌గో తరువాత రేడియో, టెలివిజను వ్యాఖ్యాతగా పనిచేశాడు. మూడేళ్ళకు, 1983లో, లండన్ భూగర్భ రైలు డ్రైవరు క్రిస్టఫర్ హ్యూస్ విజేత అయ్యాడు. ఈ రెండు విజయాలతో, చదువు వేరు, డిగ్రీ వేరు అన్న సంగతి ప్రేక్షకులకు స్పష్టమైంది. కుర్చీలో కూర్చోగానే వృత్తిని చెప్పించే పద్ధతి వలన ఈ అంశం మరింత ప్రస్ఫుటంగా కనిపించింది.

2004లో గెలిచిన న్యాయవాది షాన్ వాలెస్ ఈ పోటీలో తొలి నల్లజాతి విజేత. 1993లో 24 ఏళ్ళ వయసులో గెలిచిన గావిన్ ఫుల్లర్ చాలాకాలం అతి పిన్న వయస్కుడైన విజేతగా ఉన్నాడు. 2021లో జొనాథన్ గిబ్సన్ ఆ స్థానాన్ని పొందాడు.

రికార్డులు

1986 విజేత జెన్నిఫర్ కీవెనీ ఒక పోటీలో 40 పాయింట్లు సాధించింది. 1995లో కెవిన్ ఆష్‌మన్ 41 పాయింట్లతో దానిని దాటాడు. అప్పుడు అతడు ఎంచుకొన్న అంశం మార్టిన్ లూథర్ కింగ్, అమెరికా పౌరహక్కుల ఉద్యమం. మొత్తం నాలుగు నిమిషాలలో 41 సరైన జవాబులంటే, ప్రశ్న చదివే సమయంతో సహా ఒక్కొక్క దానికి సగటున ఆరు సెకన్లు కూడా పట్టలేదన్నమాట. ఆష్‌మన్, హ్యూస్ ఇద్దరూ తరువాత "ఎగ్‌హెడ్స్" అనే మరో బి.బి.సి. క్విజ్‌లో నిపుణుల జట్టు సభ్యులుగా పాల్గొన్నారు.

విమర్శ

ఈ పోటీ పరీక్షించేది జ్ఞాపకశక్తినే గాని అవగాహనను కాదన్నది ఒక విమర్శ. ఒక్క మాటలో చెప్పగల జవాబులే అడుగుతారు కనుక, ఒక యుద్ధం ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. ఏ తేదీన జరిగిందన్న ప్రశ్నకే ఉంది. సినిమాలు, హాస్య ధారావాహికల వంటి అంశాలు పెరగడంతో స్థాయి తగ్గిందన్నది మరొక విమర్శ. అయితే ఇరవై గంటల నిడివి గల ధారావాహికలోని చిన్న చిన్న వివరాలను రెండు నిమిషాలలో గుర్తు తెచ్చుకోవడం, ఒక రాజు పాలన గురించి చెప్పడం కంటే తేలిక కాకపోవచ్చు. పైగా అందరికీ రెండవ భాగం సామాన్య విజ్ఞానమే కాబట్టి, ఎంచుకొన్న అంశం ఏదైనా దానితో మాత్రమే గెలవడం సాధ్యం కాదు. లోతు, విస్తృతి రెండూ ఉన్నవారే నెగ్గుతారు.

అనుబంధ కార్యక్రమాలు, ఇతర దేశాలు

ప్రముఖులు పాల్గొని ధర్మసంస్థల కోసం ఆడే "సెలెబ్రిటీ మాస్టర్‌మైండ్" 2002లోను, 10 - 11 సంవత్సరాల పిల్లల కోసం "జూనియర్ మాస్టర్‌మైండ్" 2004లోను మొదలయ్యాయి. న్యూజీలాండు, ఆస్ట్రేలియా, ఐర్లండు దేశాలలో కూడా ఈ కార్యక్రమపు స్థానిక రూపాలు వచ్చాయి.

భారతదేశంలో "మాస్టర్‌మైండ్ ఇండియా" 1998లో బి.బి.సి. వరల్డ్ ఛానెల్‌లో ప్రారంభమైంది. దూరదర్శన్‌లో "క్విజ్ టైమ్" ద్వారా అప్పటికే సుపరిచితుడైన సిద్ధార్థ బసు దీనికి నిర్వాహకుడు. 2000లో మొదలైన "కౌన్ బనేగా కరోడ్‌పతి" నిర్మాణంలోను ఇతడు పాలు పంచుకొన్నాడు. ఆ కార్యక్రమానికి, 2014లో తెలుగులో వచ్చిన "మీలో ఎవరు కోటీశ్వరుడు"కు మూలం మరొక బ్రిటిషు క్విజ్. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా గమనించదగ్గది. కోటీశ్వరుడి ఆటలో నాలుగు జవాబులు ముందే కనిపిస్తాయి, సాయం అడిగే వీలుంటుంది, గెలిస్తే డబ్బు వస్తుంది. మాస్టర్‌మైండ్‌లో ఈ మూడూ లేవు.

జనజీవనంలో

1980లో "ద టూ రానీస్" అనే హాస్య కార్యక్రమంలో మాస్టర్‌మైండ్‌పై వచ్చిన వ్యంగ్య ప్రహసనం చాలా ప్రసిద్ధం. అందులోని పోటీదారుడు ఎంచుకొన్న ప్రత్యేక అంశం "ఒక ప్రశ్న ముందు అడిగినదానికి జవాబివ్వడం". ప్రతి జవాబూ అంతకు ముందటి ప్రశ్నకు సరిపోతూ, ఇప్పుడడిగిన ప్రశ్నకు నవ్వు పుట్టించేలా అతుకుతుంది. దీనిని డేవిడ్ రెన్విక్ రాశాడు. బ్రిటనులో "నీ ప్రత్యేక అంశం ఏమిటి?" అని ఒకరినొకరు సరదాగా అడగడం కూడా ఈ కార్యక్రమం నుండి వచ్చిన అలవాటే.

విజేతకు ఇచ్చే పాత్ర స్కాట్లండుకు చెందిన కెయిత్‌నెస్ గాజు తయారీ సంస్థ పేరుతో ప్రసిద్ధి పొందింది. నెలల తరబడి చదివిన చదువుకు దక్కే ప్రతిఫలం ఆ గాజు పాత్రే అయినా, పోటీదారులకు కొరత ఏర్పడలేదు.