సొరుగులో పడుకున్న ఫలితం

గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరికి గుండె లయ తప్పుతుంది. అలాంటివాళ్లకే ప్రాణాపాయం ఎక్కువ. మరి లయను సరిచేసే మందిస్తే బతుకుతారు కదా? ఆ ఆశతోనే 1980లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వైద్యులు లార్కైనైడ్ అనే కొత్త మందును 95 మందిపై పరీక్షించారు. సగం మందికి అసలు మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు. పదిమంది చనిపోయారు. అందులో తొమ్మిదిమంది అసలు మందు తీసుకున్నవాళ్లే.

కాకతాళీయం అనుకున్నారు వైద్యులు. చిన్న ప్రయోగంలో అలా జరగకూడదనేమీ లేదు. ఈలోగా వ్యాపార కారణాలతో ఆ మందునే వదిలేశారు. వదిలేసిన మందు గురించి రాసేదేముంది? కాగితాలు సొరుగులోకి వెళ్లాయి. అబద్ధమాడినవాళ్లు ఎవరూ లేరు, అదే ఈ కథలో నన్ను కలవరపెట్టేది. 1989లో అదే కోవకు చెందిన ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్‌లపై ఓ పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఆపేయాల్సొచ్చింది. అక్కడా మందు తీసుకున్నవాళ్లే ఎక్కువగా పోతున్నారు. నాటింగ్‌హామ్ ఫలితం 1993లో గానీ అచ్చవలేదు. ముందే వచ్చుంటే హెచ్చరికగా పనికొచ్చేదేమోనని ఆ వైద్యులే రాసుకున్నారు.

అచ్చుకాని దాన్ని వెతికేదెలా? ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ సైమ్స్ 1986లోనే దారి చూపాడు. ముదిరిన అండాశయ క్యాన్సర్‌పై అచ్చయిన ప్రయోగాలను మాత్రమే లెక్కేస్తే, ఒకటికి మించి మందులు కలిపివ్వడమే మేలనిపించింది. ముందే జాబితాకెక్కిన ప్రయోగాలన్నిటినీ లెక్కేస్తే ఆ మేలు నిలబడలేదు. ప్రయోగం మొదలవగానే పేరు రాయించాలన్నాడు. పుట్టుక నమోదైతేనే కదా, కనబడకుండా పోతే తెలిసేది!

వినేవాళ్లు కరువయ్యారు. 2000లో అమెరికా ఇంటర్నెట్‌లో జాబితా తెరిచినా చాలా ప్రయోగాలు అందులోకి ఎక్కలేదు.

2004లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ మందుల కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్‌పై దావా వేశాడు. తన మందు పారోక్సెటిన్ పిల్లల కుంగుబాటుకు పనిచేయలేదన్న ఫలితాలను దాచిందని ఆరోపణ. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 25 లక్షల డాలర్లకు రాజీపడింది. ఆ సెప్టెంబరులోనే ప్రముఖ వైద్య పత్రికల సంపాదకులు ఒక్కమాట మీదికొచ్చారు: తొలి రోగిని చేర్చుకోకముందే నమోదు కాని ప్రయోగాన్ని అచ్చువేయం. చట్టం చేసే అధికారం వాళ్లకు లేదు, తలుపు మూసే అధికారం ఉంది. 2005 మేలో 13,153 ప్రయోగాలున్న అమెరికా జాబితా అక్టోబరుకల్లా 22,714కు చేరింది.

పేరు రాయించినవాళ్లంతా ఫలితం చెబుతున్నారని కాదు. కానీ ఇప్పుడు ఎవరు చెప్పలేదో తెలుస్తోంది. మన దేశపు జాబితా 2007 జులైలో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయింది. మీ ఇంట్లో ఎవరినైనా కొత్త మందు ప్రయోగంలో చేరమంటే, సంతకం పెట్టేముందు ఆ నమోదు సంఖ్య అడగండి.