ముగ్గు పోసిననాటి లెక్క: నిజాంసాగర్ చెప్పు పాఠము

ఇల్లు కట్టదలచినవాడు పునాది త్రవ్వుటకు ముందు నేలపై ముగ్గు పోయించును. వంటిల్లు ఎటు, పెరటి దారి ఎటు, వాననీరు ఎటు పోవలెను అని ఇంటిల్లిపాది ఆ గీతల నడుమ నిలిచి తర్కించుకొందురు. గీత నచ్చకపోయినచో కాలితో చెరిపి మరల పోయవచ్చును. గోడ లేచిన తరువాత ఆ సౌకర్యము లేదు.

నదులకు ఆనకట్టలు కట్టువారును, విద్యుత్కేంద్రములు నెలకొల్పువారును చేయు మొదటి పని ఇటువంటిదే. రాయి పేర్చుటకు ముందు, యంత్రము కొనుటకు ముందు, నదిని, జలాశయమును, కాలువను, పొలమును, విద్యుద్యంత్రమును కొన్ని గీతలుగా, కొన్ని అంకెలుగా కాగితముపై నిలుపుదురు. దేనినుండి దేనికి ఏమి పోవును, ఎంత పోవును అని చూపు ఈ తొలి రూపమును మనము ఊహాచిత్రము అని పిలుచుకొందము. దాని బలమెంత, దాని లోపమెక్కడ అని తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మంజీరానదిపై నిజాంసాగర్ ఉన్నది.

ఈ చూపు మన నేలకు క్రొత్తది కాదు. 13వ శతాబ్దినాటి కాకతీయులు రామప్ప, పాకాల వంటి చెరువులు కట్టించినారు. కట్ట, తూము, మత్తడి, కాలువ, ఆయకట్టు అను మాటలను వరుసగా పలికి చూడుడు. నీరు ఎక్కడ నిలుచును, ఎక్కడ దిగును, మిగిలినది ఎటు పొర్లును, ఎవరికి చేరును అనునదంతయు ఆ అయిదు మాటలలో ఇమిడి ఉన్నది. పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును నింపు గొలుసుకట్టు పద్ధతి కాగితము లేని ఊహాచిత్రము. అందులో ఒక ముఖ్యాంశము గమనింపదగినది. చెరువులో ఒండ్రు చేరునని ఆ కాలపు రైతునకు తెలియును. వేసవిలో ఆ మట్టిని త్రవ్వి పొలములకు తోలుకొనుట ఆ ఏర్పాటులో భాగము.

ఇక మంజీర సంగతి. ఈ నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకములోని బీదర్ సీమ దాటి, తెలంగాణమున ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. నాటి హైదరాబాదు రాజ్యమున ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ ఈ నదికి అడ్డముగా ఆనకట్ట నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో పూర్తి అయినది. దీనికి సూత్రధారి చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1877లో జన్మించి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివి వచ్చిన ఈయన జన్మదినము జూలై 11ని తెలంగాణమున ఇంజనీర్ల దినోత్సవముగా పాటించుచున్నారు. నాడు నిజామాబాదు జిల్లాలో ఉన్న ఆ ఆనకట్ట 2016 నుండి కామారెడ్డి జిల్లాలో ఉన్నది.

జలాశయమునకు గీయు తొలి చిత్రము గృహస్థుని జమాఖర్చుల చిట్టాను పోలి ఉండును. నది తెచ్చునది జమ. కాలువకు వదలునది, ఎండకు ఆవిరియగునది ఖర్చు. మంచి ఏడు మిగిలినది చెడ్డ ఏటికి నిలువ. ఎన్నో ఏండ్ల ప్రవాహమును ఒకే వంపుగీతగా గీసి, ఎంత నిలువ ఉన్నచో కరవును దాటవచ్చునో చూపు పద్ధతిని రిప్ల్ అను ఇంజనీరు 1883లో ప్రకటించినాడు. అప్పటినుండి ప్రపంచమంతట ఇంజనీర్లకు అది చేతికర్ర అయినది. నిజాంసాగర్ చిట్టాలో నిలువ 29.7 శతకోటి ఘనపుటడుగులు. మనవారు నేడు దీనినే టి.ఎం.సి. అందురు. దానితో సాగు కావలసినది 2,75,000 ఎకరములు. ఆ నీటి వలన వరి పెరిగినది, చెరకు పెరిగినది, 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. చిత్రమున గీసిన బాణములు ఊళ్ళ ముఖచిత్రమునే మార్చివేసినవి.

విద్యుత్తు తరువాత వచ్చిన అతిథి. 1950లలో ఇక్కడ జలవిద్యుత్కేంద్రము ఏర్పడినది. దాని శక్తి 5 మెగావాట్ల యంత్రములు రెండింటితో 10 మెగావాట్లు. నీటినుండి శక్తిని లెక్కించుట కష్టము కాదు. సెకండునకు ఒక ఘనపుటడుగు నీరు 11 అడుగులు దిగినచో, యంత్రములలో నష్టమగు అయిదవ వంతు పోగా, ఒక అశ్వశక్తి లభించును. కష్టమంతయు బాణము ఎటు గీయవలెను అనుటలో ఉన్నది. జలాశయమునుండి యంత్రమునకు, యంత్రమునుండి కాలువకు, కాలువనుండి పొలమునకు అని గీసినచో, పైరుకు పోవు నీరే దారిలో దీపము వెలిగించి పోవును. యంత్రము దాటిన నీరు నదిలోనికే పోవునట్లు గీసినచో పొలమునకు, దీపమునకు వైరము పుట్టును. నిజాంసాగరున మొదటి పద్ధతియే అవలంబింపబడినది. పైరుకు నీరు వదలినప్పుడే కరెంటు. ఆ వరుస కాగితముమీదనే తేలవలసిన విషయము, కట్టిన తరువాత కాదు.

ఇంతవరకు ఊహాచిత్రము బలము. ఇక లోపము. నది నీటిని మాత్రమే తేదు, మట్టిని కూడ తెచ్చును. పరీవాహక ప్రాంతమున ప్రతి 100 చదరపు కిలోమీటర్లనుండి ఏటా 0.29 హెక్టారు మీటర్ల ఒండ్రు వచ్చునని తొలి లెక్కలో అనుకొన్నారు. ఒక హెక్టారు నేలపై మీటరు మందమున పరచిన మట్టిని హెక్టారు మీటరు అందురు. తరువాత కొలిచి చూడగా తేలినది 6.57. అనగా 22 రెట్లకు పైగా. ఇరువదివేల చదరపు కిలోమీటర్లకు మించిన పరీవాహక ప్రాంతమునకు ఈ అంకెలను వర్తింపజేసి చూడుడు. మొదటి అంకె నిజమైనచో జలాశయము పూర్తిగా పూడుటకు వేయి సంవత్సరములు దాటవలెను. రెండవ అంకె ప్రకారము ఒక మనుష్యుని జీవితకాలము చాలును. 1970ల నాటికి నిలువ 12 టి.ఎం.సి.లకు లోపుగా పడిపోయినది. అప్పుడు నీటిమట్టమును 1405 అడుగులకు పెంచి, నిలువను 17.8 టి.ఎం.సి.లకు తెచ్చుకొన్నారు.

దీనికి అలీ నవాజ్ జంగ్‌ను తప్పుపట్టుట న్యాయము కాదు. ఎగువనున్న నల్లరేగడి నేలలు ఎంత మట్టిని జారవిడుచునో కొలిచిన దాఖలాలు నాటి ఇంజనీర్లకు చాలినన్ని లేవు. మన దేశమున జలాశయముల పూడిక సర్వేలు విస్తృతముగా సాగినది స్వాతంత్ర్యానంతరమే. కాని ఆ చిన్న అంకె యొక్క ఫలితము కాగితముమీద ఆగలేదు. కాలువ చివరనున్న రైతు పొలమునకు చేరినది. తలకట్టు పొలము తడిసి, చివరి పొలము ఎండినప్పుడు, ఎవరో ఎన్నడో వేసిన అంచనా ఆ రైతునకు పండని పంటగా కనబడును.

చిత్రము అంచుల వెలుపల కూడ కాలము ఆగదు. ఎగువన 1980ల చివరకు సింగూరు జలాశయము వెలసినది. హైదరాబాదు దాహము మంజీర చిట్టాలో ఒక క్రొత్త ఖర్చుగా చేరినది. 2021లో గోదావరి నీటిని ఎత్తిపోసి, హల్దీవాగు మార్గమున మంజీరకు చేర్చినారు. దిగుచు శక్తినిచ్చిన నీరు, ఎక్కుటకు శక్తిని అడిగినది. బాణము తలక్రిందులైనది!

నేడు ఇంజనీర్ల చేతిలో గణకయంత్రములు ఉన్నవి. సౌరవిద్యుత్కేంద్రమునకైనను, ఎత్తిపోతలకైనను ఊహాచిత్రమును క్షణములో గీయవచ్చును, వేయి మారులు మార్చవచ్చును. అయినను యంత్రము తనకు చెప్పనిదానిని లెక్కింపజాలదు. ఒండ్రును గీయనిచో ఒండ్రు లేనట్లే చూపును. అందుచేత తొలి చిత్రము ముందుంచుకొన్నప్పుడు అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఇందులో లేనిదేది? ఉన్న అంకెలలో కొలిచినవెన్ని, అనుకొన్నవెన్ని? ఈ ప్రశ్నలు ఇంజనీర్లకే పరిమితము కావు. కాలువ చివరి రైతును కూడ ఆ ముగ్గు వద్దకు పిలిచి అడుగవలెను. ఏ వానకు ఏ వాగు ఎర్రబడునో అతనికి తెలియును. ముగ్గును చెరుపుటకు చేయి చాలును. గోడను చెరుపుటకు తరములు చాలవు.