43 గ్రాముల పప్పు: మన మెట్ట పల్లెల రాత్రి భోజనం వెనక కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, కోటల గురించి, రాజుల గురించి చెప్పావు, బాగుంది. మన ఊళ్ళలో మామూలు జనం రాత్రిపూట ఏం తినేవాళ్ళో కూడా చెప్పు. చవగ్గా, కూర్మాంసం లేకుండా, ఇంటిల్లిపాదికీ సరిపోయే వంటలు ఏవైనా ఉంటే అవీ చెప్పు." సరే, ఈరోజు అదే. కానీ వంటల వీడియో అనుకుని వచ్చినవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి. ముందు ఒక నంబర్ గుర్తుపెట్టుకోండి: 43 గ్రాములు. ఎందుకో తర్వాత చెప్తా.

నాది సోమశిల డ్యామ్‌కి దగ్గర్లో ఒక పల్లె. బీటెక్ చేసి, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టానని మీకు తెలుసు. ఉద్యోగం మానేస్తే జీతం ఆగుతుంది, కడుపు మాత్రం ఆగదు కదా. ఇంట్లో ఐదుగురం: అమ్మ, నాయన, అవ్వ, చెల్లి, నేను. నాయనకి షుగర్. అవ్వకి 80 దాటాయి. ఇంటికి తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని, ఫోన్‌లో ఒక షీట్ పెట్టి ఖర్చులన్నీ రాయడం. మూడు నెలల్లో వంటింటి ఖర్చు బాగా తగ్గింది. చూశారా, మన ఆప్టిమైజేషన్ అని మురిసిపోయాను. ఆ తగ్గింది ఎక్కడో చివర్లో చెప్తా. దానికీ ఆ 43కీ సంబంధం ఉంది.

నెల్లూరు ఒకటి కాదు, రెండు

నెల్లూరు జిల్లా అనగానే బయటివాళ్ళకి చేపల పులుసు, మొలగొలుకుల బియ్యం గుర్తొస్తాయి. అది తూర్పు నెల్లూరు. పెన్న నీళ్ళు తాగే డెల్టా. 1850ల్లో నెల్లూరు దగ్గర, 1880ల్లో సంగం దగ్గర ఆనకట్టలు కట్టాక అక్కడ వరి బాగా స్థిరపడింది. పడమటి వైపు, ఉదయగిరి, ఆత్మకూరు పక్క, వెలికొండల కింద ఉన్నది మెట్ట. ఇక్కడ వాన పడితే పంట, లేకపోతే అప్పు. జొన్న, సజ్జ, రాగి, వరిగ, అరిక, వీటితోపాటు కంది, ఉలవ, పెసర. ఇదే మా నేల పండించింది, ఇదే మా వాళ్ళు తిన్నది.

సోమశిల డ్యామ్ పని 1975లో మొదలై 1989లో పూర్తయింది. దాదాపు 78 టీఎంసీల నీళ్ళు పడతాయి. తెలుగుగంగ పథకంలో ఈ నీళ్ళు కండలేరు మీదుగా పూండి వెళ్ళి చెన్నై కుళాయిల్లోకి చేరతాయి. మెట్ట మీదికి నీళ్ళెక్కించడానికి హైలెవెల్ కెనాల్ తలపెట్టింది చాలా తర్వాత. అంటే డ్యామ్ మా పక్కనే ఉన్నా, మా అవ్వ తరం పళ్ళెంలోకి వరి అన్నం వచ్చింది కాలువలో కాదు. అది వేరే దారిలో వచ్చింది. చెప్తా.

ఇంకో మాట. మా దగ్గర మాంసం లేని రాత్రి భోజనం అంటే వ్రతమో నియమమో అనుకోకండి. అన్ని కులాల, అన్ని మతాల ఇళ్ళలో అదే మామూలు. కోడి కోస్తే పండగ. మిగతా రోజులు సంగటి, పప్పు, పులుసు, పచ్చడి.

ఉదయగిరి సైనికుడి పులుసులో ఏం లేవు?

చిన్న ఆట ఆడదాం. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి, 1514లో ఉదయగిరి కోటని గజపతుల నుంచి గెలిచాడు. కొండ కింద సైన్యం ఉంది, రాత్రి వంట అవుతోంది. మన ఇంట్లో చేసే పులుసే వాళ్ళూ చేశారనుకుందాం. అందులో పచ్చిమిరపకాయ వేద్దామా? లేదు. టమాటా? లేదు. పక్కన చెనిక్కాయల పచ్చడి? అదీ లేదు. ఉర్లగడ్డ? అస్సలు లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసు వాళ్ళు గోవాని పట్టుకుని అప్పటికి నాలుగేళ్ళే. మిరపకాయ మన పొలాల్లోకి పాకింది ఆ తర్వాతే. రాయల సైనికుడికి కారం అంటే మిరియాలే.

మరి ఉన్నవేంటి? చింతపండు ఉంది. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు ఉన్నాయి. రాగి, జొన్న, సజ్జ ఉన్నాయి. ఇవి వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చి మనవైపోయినవి. అన్నిటికంటే పాత చుట్టం ఎవరో తెలుసా? ఉలవలు, పెసలు. దక్కన్‌లో కొత్త రాతియుగం నాటి తవ్వకాల్లో, దాదాపు 4000 ఏళ్ళ నాటి పొరల్లో, మాడిపోయిన ఉలవలు, పెసలు దొరికాయి. కోటలు, రాజులు, కాలువలు అన్నీ తర్వాత వచ్చినవే. ఉలవచారు ముందు.

ధాత కరువు, ఇద్దరు దొరలు, ఒక గుప్పెడు పప్పు

ఇప్పుడు 43 దగ్గరికి వద్దాం. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో దెబ్బ తిన్న జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది. 1878 దాకా సాగిన ఈ కరువులో బ్రిటిష్ ఇండియాలోనే 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా. ధాన్యం ఎగుమతులు మాత్రం ఆగలేదు.

కరువు పనులు పెట్టారు. మన నెల్లూరు తీరం వెంట పోయే బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దగ్గరి కొంత భాగం అప్పటి కరువు కూలీలు తవ్విందే. మరి రోజంతా తట్టలు మోసిన మనిషికి ఎంత తిండి పెట్టాలి? ఖర్చు తగ్గించమని వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో ఒక లెక్క తేల్చాడు. పనిచేసే మగవాడికి రోజుకి ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాంతోపాటు ఒక అణా. అంతే. చరిత్రలో దీన్ని టెంపుల్ కూలి అంటారు.

దీన్ని ఎదిరించినవాడు ఇంకో ఇంగ్లీషు దొరే. పేరు విలియం కార్నిష్, మద్రాసు శానిటరీ కమిషనర్, డాక్టర్. పౌండున్నర ధాన్యం కావాలి, దానిమీద పప్పు, కూరగాయలు కూడా కావాలి, ఉత్త గింజలతో మనిషి నిలబడడు అని వాదించాడు. ఈ గొడవ నెలల తరబడి నడిచింది. చివరికి 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగొచ్చింది: పౌండుంబావు ధాన్యం, అంటే 570 గ్రాములు, దానికి తోడు ఔన్సున్నర పప్పు. ఔన్సున్నర అంటే 43 గ్రాములు.

ఒక గుప్పెడు పప్పు, ఫ్రెండ్స్. దానికోసం ప్రభుత్వంలో ప్రభుత్వమే కొట్లాడుకుంది. ధాన్యం కడుపు నింపుతుంది, సరే. ధాన్యంలో లైసిన్ అనే ముక్క తక్కువ, అది పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ ధాన్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒంటికి బాగా పట్టే ప్రొటీన్. ఈ కెమిస్ట్రీ కార్నిష్ కాలానికి ఎవరికీ తెలీదు. మన అవ్వలకీ తెలీదు. కానీ సంగటి పక్కన పప్పు పెట్టడం మాత్రం తెలుసు.

రెండు రూపాయల బియ్యం, అవ్వ మాట

2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, అడిగింది మన దేశమే. ఆ ఊపులో నేను బెంగుళూరు నుంచి అందమైన ప్యాకెట్లో అరికలు కొనుక్కొచ్చాను. ధర చూసి అవ్వ నవ్వింది. నేనేమో లెక్చర్ మొదలుపెట్టా: "అవ్వా, మీ తిండే అసలైన తిండి, మీరంతా అన్నానికి మారి చెడగొట్టుకున్నారు."

అవ్వ నవ్వు ఆపేసింది. "అబ్బయ్యా, పొద్దునా సంగటే, మాపటికీ సంగటే. దాంట్లోకి పప్పుండిందా ఏమన్నానా? మిరపకాయ, ఉప్పు నూరుకొని తిన్న రోజులు ఎన్నో. చుట్టాలొస్తే సంగటి సట్టి దాచిపెట్టేదాన్ని. రామారావు రెండు రూపాయల బియ్యం ఇచ్చినాక ఇంటిముందర కూర్చోని అన్నం తిన్నాం. నీకేం తెలుసు?"

నిజంగానే నాకు తెలీదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మెట్ట పల్లెలకి వరి అన్నం వచ్చిన దారి అదే, కాలువ కాదు, రేషన్ షాపు. 2008లో మళ్ళీ 2 రూపాయలైంది, 2011లో రూపాయి అయింది. దాన్ని ఈరోజు షుగర్ లెక్కలతో మాత్రమే చూస్తే అవ్వకి అన్యాయం చేసినట్టే. ఆమెకది గౌరవం.

ఇంకో సంగతి. 1960లో హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా అనే శాస్త్రవేత్తలు, జొన్న తప్ప పెద్దగా ఏమీ తినని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఎందుకొస్తోందో వెతికారు. మెడ మీద, చేతుల మీద చర్మం నల్లగా కమిలిపోయే జబ్బు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువుండటం ఒక కారణం కావచ్చన్నారు. అంటే తప్పు జొన్నది కాదు, పళ్ళెంలో జొన్న ఒక్కటే ఉండటానిది. పక్కన పప్పు, ఆకు, గుప్పెడు చెనిక్కాయలు పడితే అదే జొన్న బంగారం. పాతకాలం తిండి గొప్పది అని స్టేటస్ పెట్టే ముందు, పాతకాలంలో ఎవరి పళ్ళెంలో ఏముందో అడగాలి.

మా ఇంటి లెక్క

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ ఒకరోజు వంటింట్లోకి పోయి, అమ్మ నానబెట్టిన కందిపప్పుని తూకం వేశా. 120 గ్రాములు. ఐదుగురికి, రెండు పూటలకీ అదే. మనిషికి 24 గ్రాములు.

నేను షీట్ తెరిచి చూశా. తగ్గిన ఖర్చులో ఎక్కువ భాగం పప్పుదే. నేను "తగ్గిద్దాం అమ్మా" అన్న నెల నుంచి అమ్మ పప్పుని నీళ్ళగా చేస్తోంది. అందరికీ వడ్డించాక తను చారన్నం తింటోంది. 150 ఏళ్ళ కిందట కరువు కూలీకి సరిపోదని ఒక డాక్టరు కొట్లాడి తెచ్చిన దాంట్లో, మా ఇంట్లో మనిషికి వస్తున్నది సగం కంటే కాస్త ఎక్కువ. అదీ నా ఆప్టిమైజేషన్ వల్ల. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకి 2000 కిలో క్యాలరీల పళ్ళేనికి చెప్పిన పప్పుల వాటా 85 గ్రాములు. నేను అమ్మకేం చెప్పాలో తెలీక తూకం మిషన్ పక్కన పెట్టేసి బయటికొచ్చేశా.

దారి చూపింది అవ్వే. "కందిపప్పు పిరమైతే ఉలవలు లేవా? పెసలు లేవా?" అంది. ఇప్పుడు మా ఇంట్లో రాత్రిళ్ళు ఇలా నడుస్తున్నాయి. రాసుకోండి.

ఒకటి, ఉలవలు. గ్లాసు ఉలవలు, అంటే 200 గ్రాములు, పొద్దున నానబెట్టి సాయంత్రం ఐదు గ్లాసుల నీళ్ళతో కుక్కర్లో ఏడు విజిల్స్. ఆ నీళ్ళు వంచి చింతపండు రసం, తెల్లగడ్డ తిరగమాత వేస్తే చారు. గింజల్ని ఎర్రగడ్డ, ఎండుమిరపకాయతో వేయిస్తే గుగ్గిళ్ళు. ఒక్క గ్లాసుతో రెండు వంటలు. గింజలు పారేస్తే మాత్రం ప్రొటీన్‌లో ఎక్కువ భాగం పారేసినట్టే.

రెండు, సంగటి. గ్లాసు నూకలు నాలుగు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికాక, గ్లాసున్నర రాగిపిండి పైన కుప్పగా పోయాలి. కలపకూడదు. మధ్యలో గుంట చేసి, మూతపెట్టి, సన్న సెగ మీద ఏడు నిమిషాలు. తర్వాత దించి, తెడ్డుతో గట్టిగా ఎనిపి ముద్దలు చేయాలి. మా తెడ్డు ఉదయగిరిది. ఆ ఊరి చెక్క గరిటెలకి, స్పూన్లకి భౌగోళిక గుర్తింపు ఉంది, మీలో ఎంతమందికి తెలుసు?

మూడు, పెసరపప్పు, ఆకు. చెంచలాకు, గోగాకు, తోటకూర, ఎండాకాలమైతే చింతచిగురు. పొలం గట్టు మీద దొరికేదానికి బిల్లు ఉండదు.

నాలుగు, పచ్చిపులుసు, చెనిక్కాయల పచ్చడి, అన్నం. పొయ్యి మీద పని అన్నానికే. పచ్చడిలో గుప్పెడు కాదు, ఐదుగురికి ఐదు గుప్పెళ్ళు వేయండి.

వారానికి ఈ నాలుగూ తిప్పితే, కందిపప్పు ఒక్కటే నమ్ముకున్నప్పటికంటే మా ఖర్చు పెరగలేదు. కానీ పప్పుగింజల తూకం రోజుకి మనిషికి 60 గ్రాములు దాటింది. 85 ఇంకా రాలేదు. వస్తుంది.

ఒక్క రూలు మాత్రం పెట్టుకున్నాం. రాత్రి అందరం ఒకేసారి కూర్చుంటాం, అమ్మతో సహా. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వాళ్ళం వడ్డించుకుంటాం. అప్పుడు ఎవరి పళ్ళెంలో పప్పు లేదో అందరికీ కనపడుతుంది.

ఈ రాత్రి మీ ఇంట్లో ఒకసారి చూడండి: చివర్లో తినేది ఎవరు, వాళ్ళకి మిగిలింది ఏంటి. మీ అవ్వనో అమ్మమ్మనో అడిగి, వాళ్ళు చిన్నప్పుడు రాత్రి ఏం తినేవాళ్ళో కామెంట్లో రాయండి. బాగున్నవే కాదు, దాచిపెట్టినవి కూడా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అవ్వ పిలుస్తోంది, సంగటి చల్లారిపోతే గట్టిపడుతుంది. ఉంటా.