మైదానం ముందు, జట్టు తర్వాత: రాయ్‌పూర్‌లో గెలుపోటముల లెక్క

రాయ్‌పూర్‌లో అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ అనగానే అభిమాని మొట్టమొదట వెతికేది ఆ మైదానం పాత రికార్డు. 2023 జనవరి 21న ఇక్కడ భారత్‌తో జరిగిన తొలి వన్డేలో న్యూజిలాండ్ 15 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుని చివరికి 108కి ఆలౌటైంది. షమీ 18 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఆ ఒక్క స్కోరు చూసి ఇది బౌలర్ల పిచ్ అని చాలామంది తేల్చేశారు. అదే మైదానంలో 2025 డిసెంబర్ 3న కోహ్లీ 102, రుతురాజ్ గైక్వాడ్ 105 కొట్టి భారత్ 358 చేస్తే, దక్షిణాఫ్రికా ఇంకా 4 బంతులు ఉండగానే 362 చేసి గెలిచింది. ఈ రెండు మ్యాచ్‌ల మధ్య పిచ్ స్వభావం ఎంత మారిందో గానీ, మన అంచనాల పునాది ఎంత పలచనో మాత్రం బయటపడింది. నా వాదన ఇదే: రాయ్‌పూర్ మైదానం రికార్డు సాక్ష్యంగా నిలబడేంత ముదరలేదు. దానికి కారణం ఆ మైదానం పుట్టిన తీరులోనే ఉంది.

మామూలుగా ఒక ఊళ్లో ముందు ఆట పుడుతుంది, క్లబ్బులు వస్తాయి, జట్టు తయారవుతుంది, ఆ తర్వాతే పెద్ద స్టేడియం లేస్తుంది. మద్రాసు, బొంబాయి, హైదరాబాద్ అలాగే ఎదిగాయి. రాయ్‌పూర్‌లో వరస తిరగబడింది. బ్రిటిష్ కాలంలో ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం, రాజధాని నాగపూర్. స్వాతంత్ర్యం వచ్చాక ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో భాగమైంది. భిలాయ్‌లో స్థిరపడిన ఆఫ్ స్పిన్నర్ రాజేశ్ చౌహాన్ మధ్యప్రదేశ్ తరఫున ఆడుతూనే 1990లలో భారత జట్టుకెక్కాడు. అతను ఆడిన 21 టెస్టుల్లో భారత్ ఒక్కటీ ఓడలేదు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ విడిపోయింది. రాష్ట్రం వచ్చింది కాబట్టి కొత్త రాజధాని కావాలి, రాజధానికి ఒక స్టేడియం కావాలి. అలా 2008లో నయా రాయ్‌పూర్‌లో మైదానం సిద్ధమైంది. 1857 డిసెంబర్ 10న బ్రిటిష్‌వాళ్లు ఉరితీసిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ పేరు దానికి పెట్టారు. ఛత్తీస్‌గఢ్ క్రికెట్ సంఘానికి బీసీసీఐలో పూర్తి సభ్యత్వం 2016లో గానీ రాలేదు, రంజీ జట్టు 2016–17లో గానీ బరిలోకి దిగలేదు. అంటే ఎనిమిదేళ్లపాటు అంత పెద్ద మైదానానికి రంజీ ఆడే సొంత జట్టంటూ లేదు.

సొంత జట్టు లేని ఆ ఏళ్లలో రాయ్‌పూర్ అరువు జట్టుతో సరిపెట్టుకుంది. ఐపీఎల్ జట్టు ఢిల్లీ డేర్‌డెవిల్స్ 2013లో దీన్ని రెండో సొంతగడ్డగా ఎంచుకుంది. ఆ సీజన్‌లో ఆ జట్టు ఆడిన 16 మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడే. అందులో రెండు, పుణె మీద, కోల్‌కతా మీద, రాయ్‌పూర్‌లోనే. 2015, 2016 కలుపుకుంటే ఇక్కడ ఆరు ఆడి నాలుగు గెలిచింది. అంతటి బలహీన జట్టు ఇక్కడ నెగ్గుకొచ్చిందంటే మైదానంలో ఏదో ఉండే ఉంటుందని ఎవరైనా అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. కానీ సన్‌రైజర్స్ హైదరాబాద్‌తో ఇక్కడ జరిగిన రెండు మ్యాచ్‌లు చూడండి. 2015లో హైదరాబాద్ 6 పరుగులతో గట్టెక్కింది. 2016లో కరుణ్ నాయర్ అజేయంగా 83 కొట్టి చివరి బంతికి ఢిల్లీని గెలిపించాడు. ఒక్క షాట్ అటో ఇటో అయితే ఫలితం తారుమారయ్యేది. అలాంటి ఆరు మ్యాచ్‌ల మీద మైదానానికి జాతకం రాయలేం.

పిచ్ కన్నా ఇక్కడ గట్టిగా పనిచేసేది మంచు. శీతాకాలం రాత్రి పచ్చికమీద తేమ దిగితే బంతి తడుస్తుంది. స్పిన్నర్ వేళ్లకు పట్టు చిక్కదు, బంతి తిరగకుండా జారి సూటిగా బ్యాట్‌మీదికి వస్తుంది, యార్కర్ వేయబోతే ఫుల్‌టాస్ అవుతుంది. 2025 డిసెంబర్‌లో జరిగింది ఇదే. భారత్ టాస్ ఓడింది. వన్డేల్లో అది వరసగా 20వ టాస్ ఓటమి (ఆ పీడ మూడు రోజుల తర్వాత మన విశాఖలో విరగడైంది). దక్షిణాఫ్రికా తరఫున మార్‌క్రమ్ 110 కొట్టాడు, మనవాళ్లు 358 పరుగులు కాపాడుకోలేకపోయారు. 2026 జనవరి 23న టీ20లో న్యూజిలాండ్ 208 చేస్తే, భారత్ దాన్ని 15.2 ఓవర్లలోనే ఊదేసింది. 2023 నాటి 108 మాటేమిటంటే, న్యూజిలాండ్ బ్యాటింగ్ చేసింది మధ్యాహ్నం, అప్పటికి మంచు ఊసే లేదు. తాను ఏం ఎంచుకోవాలనుకున్నాడో టాస్ దగ్గర భారత కెప్టెన్ రోహిత్ మర్చిపోయి కాసేపు తడుముకున్న మ్యాచ్ అది. చివరికి బౌలింగ్ అన్నాడు, అది కలిసొచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరం 2023 డిసెంబర్ 1 నాటి టీ20. అదీ రాత్రే, అదీ డిసెంబరే. భారత్ 174 చేసి ఆస్ట్రేలియాను 154 దగ్గర ఆపింది. అక్షర్ పటేల్ అనే స్పిన్నరే 16 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. కాబట్టి మంచు ఉంటే ఛేదించే జట్టు గెలిచి తీరుతుందని నేననను. ఈ నాలుగు అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో మూడు ఛేదన జట్ల పక్షాన ఉన్నా, ఆ మూడింటిలో ఒకటి మంచు చలవ కాదని ఇప్పుడే చెప్పాను. అయినా మంచు రాకను వాతావరణం చూసి ముందే కొంత పసిగట్టవచ్చు, అది ఎలా పనిచేస్తుందో తెలుసు. మైదానం జాతకానికి ఆ ఆధారం కూడా లేదు. ఇప్పుడు రంజీ మ్యాచ్‌లు జరుగుతున్నాయి కదా, పిచ్ సంగతి తెలిసే ఉంటుంది కదా అనేవాళ్లున్నారు. అవి పగటిపూట ఎర్రబంతితో ఆడేవి. రాత్రి తెల్లబంతి గురించి వాటివల్ల తెలిసేది తక్కువ.

పోనీ మైదానాన్ని వదిలి ఇటీవలి ఫామ్‌నే నమ్ముకుందామా అంటే, దానికీ ఈ ఊరే జవాబిచ్చింది. 2015లో హాకీ వరల్డ్ లీగ్ ఫైనల్ పోటీలు రాయ్‌పూర్‌లో జరిగాయి. లీగ్ దశలో భారత్ అర్జెంటీనా చేతిలో 0–3తో, నెదర్లాండ్స్ చేతిలో 1–3తో ఓడింది, జర్మనీతో డ్రా చేసుకుంది. కాంస్యం కోసం మళ్లీ నెదర్లాండ్స్ ఎదురైనప్పుడు కాగితం మీద లెక్కంతా డచ్చివాళ్లదే. ఆట 5–5తో ముగిసి, షూటవుట్‌లో భారత్ గెలిచింది.

ఫామ్‌కూ మైదానానికీ విలువే లేదనడం లేదు. కానీ రాయ్‌పూర్ దాకా వచ్చేసరికి వాటిని మంచు, టాస్‌ల తర్వాతే లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ జరిగే తర్వాతి రాత్రి మ్యాచ్ మీద పందెం కాసినంత ధీమాగా మాట్లాడబోయేవాళ్లు టాస్ పడేదాకా ఆగండి.