ఐదవ చార్లెస్ చక్రవర్తి యుద్ధాలు – సంఘానికి ఒక పాఠం



ధ్యాన భాగం: యెషయా 10:5-15

లూథర్ గారి కథ మన సంఘాల్లో చాలామందికి తెలుసు. 1521 ఏప్రిల్‌లో వోర్మ్స్ పట్టణంలో చక్రవర్తి ఎదుట నిలబడి, తన రాతలను వెనక్కి తీసుకోనని చెప్పాడు. అయితే ఆ తరువాతి సంగతి మనం పెద్దగా అడగం. వంద సంవత్సరాల ముందు, 1415లో, ఇలాగే సభకు వెళ్లిన జాన్ హస్‌ను సజీవంగా కాల్చివేశారు. లూథర్ మీద కూడా చక్రవర్తి శాసనం వచ్చింది. అతణ్ణి ఎవరూ ఇంట్లో పెట్టుకోకూడదు, పట్టుకుని అప్పగించాలి. అయినా లూథర్ ఇంకో 25 ఏళ్లు బ్రతికి, బైబిలు అనువదించి, పిల్లలను పెంచి, 1546లో తాను పుట్టిన ఊరిలోనే మంచం మీద కన్నుమూశాడు. ఇది ఎలా జరిగింది?

దేవుడు కాపాడాడు అంటాం. నిజమే. అయితే దేవుడు ఏ విధంగా కాపాడాడో చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది, కొంచెం భయం కూడా కలుగుతుంది.

వోర్మ్స్‌లో సింహాసనం మీద కూర్చున్న ఐదవ చార్లెస్‌కు అప్పటికి 21 ఏళ్లు. తాతల నుండి స్పెయిన్, నేపుల్స్, నెదర్లాండ్స్, ఆస్ట్రియా సంక్రమించాయి. సముద్రం అవతల అమెరికా భూములు ఉన్నాయి. 1519లో జర్మనీలో ఏడుగురు ఎన్నికదారులు అతణ్ణి చక్రవర్తిగా ఎన్నుకున్నారు. ఆ ఎన్నికకు దాదాపు 8,50,000 బంగారు నాణేలు ఖర్చయ్యాయి. అందులో సగానికి పైగా ఆగ్స్‌బర్గ్ వ్యాపారి జాకబ్ ఫుగ్గర్ ఇచ్చిన అప్పే. "ఇంకా ముందుకు" అనే అర్థం వచ్చే మాటను ఆ యువకుడు తన గుర్తుగా పెట్టుకున్నాడు. క్రైస్తవ లోకమంతా ఒకే చక్రవర్తి కింద, ఒకే సంఘంగా ఉండాలన్నది అతని ఆశ.

అదే ఎన్నికలో ఓడిపోయినవాడు ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్. అతని దేశానికి ఇటు స్పెయిన్, అటు నెదర్లాండ్స్, జర్మనీ. ఎటు చూసినా చార్లెస్ భూములే. వోర్మ్స్ శాసనం వచ్చిన 1521లోనే ఇద్దరి మధ్య యుద్ధం మొదలైంది. శాసనం మీద సంతకం పెట్టిన చక్రవర్తి తరువాతి ఏడాది స్పెయిన్‌కు వెళ్లిపోయాడు. మళ్లీ జర్మనీలో అడుగు పెట్టింది 1530లో. ఆ మధ్య కాలంలో సువార్త ఊరూరా పాకిపోయింది.

1525 ఫిబ్రవరి 24న, సరిగ్గా చార్లెస్ 25వ పుట్టినరోజున, ఇటలీలోని పావియా దగ్గర అతని సైన్యం ఫ్రాన్సిస్‌నే బందీగా పట్టుకుంది. ఇక ఎదురు లేదనుకున్నాడు. ఫ్రాన్సిస్ సంధికి ఒప్పుకుని, ఇద్దరు కొడుకులను తాకట్టుగా విడిచి ఇంటికి వెళ్లాడు. వెళ్లగానే మాట తప్పాడు. చార్లెస్ బలం చూసి భయపడిన పోపు ఏడవ క్లెమెంట్ కూడా ఫ్రాన్సు పక్షం చేరాడు. 1526 ఆగస్టులో తురుష్క సుల్తాన్ సులేమాన్ మోహాచ్ యుద్ధంలో హంగరీ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. అక్కడ చనిపోయిన హంగరీ రాజు చార్లెస్‌కు స్వయాన బావ. ఇన్ని వైపుల నుండి ఒత్తిడి ఉంటే లూథర్ సంగతి ఎవరు చూస్తారు? అందుకే అదే ఏడాది స్పేయర్ సభ శాసనాన్ని అమలు చేయలేక, ఏ ప్రాంత పాలకుడు ఆ ప్రాంతంలో దేవునికీ చక్రవర్తికీ లెక్క చెప్పగలిగే విధంగా నడుచుకోవాలని వదిలేసింది.

1527 మే నెలలో జీతాలు అందని చక్రవర్తి సైనికులు రోము నగరం మీద పడి దోచుకున్నారు. పోపు కోటలో దాక్కోవలసి వచ్చింది. సంఘాన్ని కాపాడతానన్న చక్రవర్తి సైన్యమే ఆ పని చేసింది. 1529లో సులేమాన్ వియన్నా గోడల దాకా వచ్చాడు. 1532లో అతడు మళ్లీ బయలుదేరగానే, సైనికులు, డబ్బు కావలసిన చార్లెస్ ప్రొటెస్టంట్ ప్రభువులతో తాత్కాలిక శాంతి చేసుకున్నాడు.

ఫ్రాన్సిస్ ఏం చేశాడో వినండి. చార్లెస్‌ను దెబ్బతీయడానికి జర్మనీ ప్రొటెస్టంట్లతో స్నేహం చేశాడు, సుల్తాన్‌తో కూడా చేతులు కలిపాడు. 1543-44 శీతాకాలంలో తురుష్క నౌకాదళం ఫ్రాన్సు రేవు టూలోన్‌లోనే బస చేసింది. కానీ అదే ఫ్రాన్సిస్ తన దేశంలో వాక్యం నమ్మినవారిని కాల్చివేయించాడు. 1545లో మెరిండోల్ ప్రాంతపు వాల్డెన్సియన్ విశ్వాసుల గ్రామాలను అతని సైన్యం నాశనం చేసింది. పొరుగు దేశంలో మన వాళ్లకు స్నేహితుడు, సొంత దేశంలో మన వాళ్లకు హంతకుడు. అతనికి కావలసింది సువార్త కాదు, చార్లెస్ ఓటమి.

చివరికి 1544లో ఫ్రాన్సుతో, ఆ తరువాత తురుష్కులతో సంధి కుదిరాక చార్లెస్ జర్మనీ వైపు తిరిగాడు. 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బర్గ్ దగ్గర ప్రొటెస్టంట్ సైన్యాన్ని ఓడించి, సాక్సనీ ఎన్నికదారు జాన్ ఫ్రెడరిక్‌ను బందీ చేశాడు. ఆ గెలుపుకు సాయం చేసినవాడు మోరిస్. అతడు జాన్ ఫ్రెడరిక్ బంధువే, ప్రొటెస్టంటే. ఎన్నికదారు పదవి కోసం తన వారి మీదికే వచ్చాడు. అయిదేళ్లకు అదే మోరిస్ ఫ్రాన్సు రాజుతో కలిసి చార్లెస్ మీదికే తిరిగాడు. 1552 మే నెలలో చక్రవర్తి ఇన్స్‌బ్రుక్ నుండి కొండదారుల్లో పారిపోయాడు. 1555 సెప్టెంబరులో ఆగ్స్‌బర్గ్ సంధితో లూథరన్లకు చట్టపరంగా చోటు దొరికింది.

ప్రియులారా, ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు.

మొదటిది, దేవుడు ఒకరిని వాడుకున్నాడంటే వారిని మెచ్చుకున్నాడని కాదు. యెషయా ప్రవక్త అష్షూరు రాజును దేవుని చేతిలోని దుడ్డుకర్రతో పోల్చాడు. కానీ ఆ కర్రకు తాను కర్రనని తెలియదు. దాని గర్వానికి తీర్పు కూడా ఉంది. ఫ్రాన్సిస్, సులేమాన్, మోరిస్ ఎవరి లాభం వారు చూసుకున్నారు. వారి పోట్ల మధ్య దేవుడు తన వాక్యానికి దారి చేశాడు. అంతమాత్రాన ఆ పల్లెల్లో చిందిన రక్తం మంచిదైపోలేదు.

రెండవది, ఈ రోజు మనకు అండగా నిలిచే నాయకుడు రేపు మోరిస్ కావచ్చు. ఎన్నికలు వచ్చినప్పుడు సంఘం ఓట్లను మూటగట్టి ఒకరి చేతిలో పెట్టాలని చూసేవారు ఇది గుర్తుంచుకోవాలి. పాలకుల కోసం ప్రార్థించమని వాక్యం చెప్పింది. వారి మీద మన విశ్వాసం కట్టుకోమని చెప్పలేదు.

మూడవది చెప్పడానికి బాధగా ఉంటుంది. 1529లో రెండవ స్పేయర్ సభలో ఆరుగురు ప్రభువులు, 14 నగరాలు మనస్సాక్షి విషయంలో నిరసన తెలిపారు. ప్రొటెస్టంట్ అనే మన పేరు అక్కడిదే. అయితే అదే సభ, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్న అనాబాప్టిస్టులకు మరణశిక్ష విధించే చట్టం చేసింది. హెస్సే ప్రభువు ఫిలిప్ తన ప్రాంతంలో వారిని చంపించడానికి ఇష్టపడలేదు కానీ అలాంటివారు తక్కువ. 1555 సంధిలోనూ వారికి చోటు లేదు. మన మనస్సాక్షికి స్వేచ్ఛ అడిగి, పక్కవాడి మనస్సాక్షికి కత్తి చూపించాం. ఈ రోజు గుంటూరులో లూథరన్ సంఘాలున్నాయి. మహబూబ్‌నగర్‌లో అనాబాప్టిస్టుల వారసులైన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలున్నాయి. ఒకే తెలుగు బైబిలు చదువుకుంటూ, పిల్లను ఇచ్చి పుచ్చుకునే స్థితిలో ఉన్నాం. ఈ సమాధానాన్ని చిన్నదిగా చూడకండి. బాప్తిస్మం పేరున ఊరిలో రెండు సంఘాలు ముఖాలు తిప్పుకున్నప్పుడు ఆ 1529 సంవత్సరం జ్ఞాపకం చేసుకోండి.

చార్లెస్ సంగతి ఏమైంది? 1555 అక్టోబరు 25న బ్రస్సెల్స్‌లో, కీళ్లవాతంతో నిలబడలేక ఒక యువ ప్రభువు భుజం మీద చెయ్యి వేసుకుని, నెదర్లాండ్స్ పాలనను కొడుక్కి అప్పగించాడు. జర్మనీకి తొమ్మిది సార్లు, ఇటలీకి ఏడు సార్లు వెళ్లానని తన ప్రయాణాలు లెక్క చెప్పుకున్నాడు. విన్నవారు ఏడ్చారు. స్పెయిన్‌లో యూస్తే మఠం పక్కన ఒక ఇంట్లో ఉంటూ 1558లో మరణించాడు. అప్పటికి ముందు ఏడాదే అతని కొడుకు ప్రభుత్వం అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. ఇంకా ముందుకు అన్నవాడు అక్కడ ఆగిపోయాడు. అతడు ఆపాలనుకున్న వాక్యం మన పల్లె వరకు వచ్చింది.

ప్రార్థన: ప్రభువా, రాజుల హృదయాలు నీ చేతిలో ఉన్నాయి. మా నమ్మకం మనుష్యుల మీద కాక నీ మీద ఉండునట్లు, మాతో ఏకీభవించని సహోదరుణ్ణి కూడా ప్రేమించునట్లు మాకు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.