శక్కర్‌నగర్ చక్కెర, చాక్లెట్ కేకు

రెండు పొరల చాక్లెట్ కేకు ఇంట్లో చేయాలంటే ఎంత చక్కెర పడుతుంది? ఇళ్లల్లో ఎక్కువగా తిరిగే కొలత ఒకటుంది. ఒకటిముప్పావు కప్పుల మైదా, రెండు కప్పుల చక్కెర, ముప్పావు కప్పు కోకో పొడి. పొరల మధ్యా పైనా పూసే ఫ్రాస్టింగ్‌కి ఇంకో మూడు కప్పుల పొడి చక్కెర, అర కప్పు వెన్న, ఇంకాస్త కోకో, పాలు. తూకంలోకి మారిస్తే మైదా సుమారు 220 గ్రాములు, చక్కెర మొత్తం 760 గ్రాములు. మైదాకి మూడింతల పైనే. మనం దాన్ని చాక్లెట్ కేకు అంటాం గానీ, న్యాయంగా చూస్తే అది చక్కెర కేకు. చాక్లెట్ దానికి రంగూ వాసనా మాత్రమే.

ఈ లెక్కని ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్దాం. మన ప్రాంతపు మిల్లుల్లో వంద కిలోల చెరకు ఆడిస్తే దాదాపు పది కిలోల చక్కెర వస్తుంది. అంటే ఒక కేకు వెనక ఏడున్నర కిలోల చెరకు ఉంది. అయిదారు గడలు. పిప్పిగా పోయేది రెండు కిలోలకు పైన, మొలాసిస్‌గా మిగిలేది ఓ మూడు వందల గ్రాములు, మిగతాదాంట్లో చాలా భాగం ఆవిరైపోయే నీళ్లు.

ఆ అయిదారు గడలు పండిన నేల ఒకటి మనకుంది. దాని నడిబొడ్డున ఉన్న ఊరి పేరే శక్కర్‌నగర్.

*

ముందు పేరు సంగతి. సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి, ఇసుక పలుకు. చెరకు రసాన్ని కాచి పలుకులు కట్టించడం ఈ దేశంలో నేర్చాక ఆ తీపి పలుకులకీ అదే పేరు పెట్టారు. ఆ మాట పారశీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, ఐరోపా చేరి షుగర్ అయింది. ఖండ అన్న మాట ఇలాగే ప్రయాణం చేసి క్యాండీ అయింది. తెలంగాణలో మనం చక్కెర అంటాం, కోస్తాలో పంచదార అంటారు. బోధన్ పక్కన ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన ఊరికి ఉర్దూలో శక్కర్‌నగర్ అని పేరు పెట్టినప్పుడు, శర్కర చుట్టూ తిరిగి మళ్లీ ఇంటికొచ్చినట్టయింది.

చక్కెర రాకముందు ఇక్కడ తీపి లేదని కాదు. చెరువుల కింద చెరకు ఉండేది, గానుగలుండేవి, బెల్లం ఉండేది. పండక్కి పోలెలు, బతుకమ్మకి రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు, పీర్ల పండక్కీ అదే మలీద. ఇవన్నీ బెల్లం తీపి. తెల్ల చక్కెర బజారు నుంచి కొనుక్కొచ్చే సరుకు. ఆ సరుకులో చాలా భాగం దూరం నుంచి వచ్చేది. 1930 ప్రాంతంలో దేశం దిగుమతి చేసుకునే తెల్ల చక్కెరలో ఎక్కువ వాటా డచ్చివాళ్ల ఏలుబడిలో ఉన్న జావాది.

రెండు సంగతులు కొద్ది కాలం తేడాతో జరిగి ఈ పరిస్థితిని మార్చేశాయి. మొదటిది నిజాంసాగర్. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తి చేశారు. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని దాని లెక్క. రెండోది 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తెచ్చిన చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం. దిగుమతి చక్కెర మీద భారీ సుంకం పడింది. దేశంలో ముప్పై చిల్లర ఉన్న మిల్లులు నాలుగైదేళ్లలో వంద దాటాయి. హైదరాబాద్ సంస్థానం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు, కానీ జావా చక్కెరకు అడ్డంగా కట్టిన ఆ గోడ నీడ దానికీ అక్కరకొచ్చింది. నీళ్లున్నాయి, నల్లరేగడి ఉంది, ఇందూరు మీదుగా సికింద్రాబాద్–మన్మాడ్ రైలు ఉంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాదికల్లా చక్కెర తీసింది. ఒక దశలో ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు మోసింది.

కాలువ నీళ్లతో వ్యవసాయం చేయడం తెలిసిన రైతులు కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వలస వచ్చి బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ చుట్టూ స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. వాళ్లు పంచదార అంటే పక్క ఊరివాళ్లు చక్కెర అనేవారు. చెరకు బండి మాత్రం ఒకే గేటు ముందు వరస కట్టేది.

*

బెల్లం ఉండగా చక్కెరతో కేకుకేం పని అని అడగొచ్చు. ఇక్కడే వంటింటి చరిత్రా ఫ్యాక్టరీ చరిత్రా కలుస్తాయి.

బెల్లం అంటే రసాన్ని మూత లేని పెనంలో కాచి, నీరంతా పోయాక మిగిలినదాన్ని మొత్తంగా గడ్డకట్టించడం. అందులోంచి మొలాసిస్‌ని విడదీయం. ఫ్యాక్టరీ చేసేది విడదీయడం. రసానికి సున్నం, గంధకం పొగ పట్టించి మడ్డి దించుతారు. పలచటి రసాన్ని చిక్కబరుస్తారు. తర్వాత గాలి తీసేసిన పెద్ద పాత్రల్లో, నీళ్లు మరిగే వేడికంటే బాగా తక్కువ వేడిలోనే కాస్తారు. అందువల్ల మాడదు, మెల్లగా పలుకు కడుతుంది. ఆ పలుకూ పాకమూ కలిసిన ముద్దని జల్లెడ గోడలున్న డబ్బాలో వేసి గిర్రున తిప్పితే మొలాసిస్ బయటికి పోయి, తెల్లటి పలుకు లోపల మిగులుతుంది. ప్రతి పలుకూ గట్టిగా, పొడిగా, పదునైన అంచులతో ఉంటుంది.

కేకుకి కావలసింది సరిగ్గా ఆ అంచులే. వెన్ననీ చక్కెరనీ కలిపి గిలక్కొడుతున్నప్పుడు పలుకుల అంచులు వెన్నని చీల్చుకుంటూ పోతాయి. వాటి వెనకాల కంటికి కనబడని గాలి గూళ్లు మిగులుతాయి. తర్వాత బేకింగ్ పౌడర్ విడిచే వాయువు ఆ గూళ్లలోనే చేరి వాటిని ఉబ్బిస్తుంది, కొత్త గూళ్లని పుట్టించదు. మెత్తగా, తడిగా ఉండే బెల్లం ఆ పని చేయలేదు. పైగా చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, మైదాలోని జిగురు గట్టిపడకుండా అడ్డుపడుతుంది, గుడ్డు త్వరగా బిగుసుకోకుండా ఆపుతుంది. అందుకే కేకు రొట్టెలా సాగకుండా నోట్లో విరుగుతుంది. చక్కెర ఎక్కువైందని సగానికి సగం తగ్గించేవాళ్లకి ఎండిపోయిన కేకు వచ్చేది ఇందువల్లే. ఫ్రాస్టింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వెన్నలో పొడిచేసిన తెల్ల చక్కెర కలిపితేనే అది పూసిన చోట నిలబడుతుంది. బెల్లం పొడి గాలిలో తేమని లాక్కుని జారిపోతుంది. ఇప్పుడు బెల్లంతోనూ కేకులు చేస్తున్నారు, బాగానే ఉంటాయి. కానీ దాని జాతి వేరు.

*

మిగతా సరుకులు ఇంకా దూరం తిరిగి వచ్చాయి. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం కోకో గింజల నుంచి కొవ్వుని పిండే యంత్రానికి పేటెంటు తీసుకుంది. కొవ్వు పోగా మిగిలిన చెక్కను దంచితే వచ్చిందే కోకో పొడి. నువ్వుల నూనె తీశాక మనకి తెలకపిండి మిగిలినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ చెక్కకే విలువెక్కువ. 1843లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, భార్యకు ఈస్టు పడదని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. అంతకుముందు కేకు పొంగాలంటే గుడ్లని గంటలకొద్దీ గిలకొట్టాలి, ఆ పని పనివాళ్ల చేతులది. 1847లో అమెరికాలో ఎలైజా లెస్లీ తన వంటల పుస్తకంలో చాక్లెట్ తురిమి వేసే కేకు రాసింది. ఆ రోజుల్లో ఆ దేశంలో లూసియానా చెరకు తోటల్లో పనిచేస్తున్నది బానిసలు. 1902కి సారా టైసన్ రోరర్ పుస్తకంలో డెవిల్స్ ఫుడ్ కేకు కనబడుతుంది. మనం ఇవాళ చేసే నల్లటి పొరల కేకుకి అది దగ్గరి పూర్వీకురాలు.

ఆ కేకు కిటుకు మన వంటింటికి కొత్తదేం కాదు. కోకో పొడిలో కాస్త పులుపు ఉంటుంది, మజ్జిగలో ఇంకా ఉంటుంది. వంటసోడా ఆ పులుపుతో కలిస్తే బుడగలొస్తాయి. గుడ్డు తినని ఇళ్లల్లో మజ్జిగ, సోడాలతోనే చాక్లెట్ కేకు పొంగించగలగడానికి కారణం అదే. ఇక కోకో గింజలంటారా, దేశంలో అందరికంటే ఎక్కువ పండిస్తున్నది ఆంధ్రప్రదేశే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన కోకో పెరుగుతుంది.

నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడిన 1937లోనే డాల్డా మార్కెట్లోకి వచ్చింది. వెన్న కొనలేని ఇళ్లకు అది పనికొచ్చింది. 1956లో పుణెలో మొదలైన వీక్‌ఫీల్డ్ వాళ్ల బేకింగ్ పౌడర్, కోకో డబ్బాలు కిరాణా కొట్లలోకి చేరాయి. ఓవెన్ లేకపోవడం పెద్ద అడ్డంకి కాలేదు. 1959 ప్రాంతంలో వచ్చిన ప్రెషర్ కుక్కరు ఆ లోటు తీర్చింది. అడుగున ఇసుక పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే నలభై అయిదు నిమిషాలు, గంటలో కేకు సిద్ధం. బోధన్ వైపు ఇసుక అంటే మంజీర ఇసుకే. చెరకుకి నీళ్లు పెట్టిన నదే కేకుకి వేడి కూడా పట్టి ఇచ్చిందన్నమాట.

అసలు కరువు చక్కెరకే ఉండేది. 1967 నుంచి మిల్లులు తమ చక్కెరలో ప్రభుత్వం చెప్పినంత వాటాని లెవీగా తక్కువ ధరకి ఇవ్వాలి, మిగతాది బయట అమ్ముకోవచ్చు. లెవీ చక్కెర రేషన్ షాపుకి వెళ్లేది. కార్డు మీద కొలిచి ఇచ్చేవాళ్లు. 2013లో లెవీ ఎత్తేసేదాకా చాలావరకు ఇదే పద్ధతి. మూడు పావుల చక్కెర తినే కేకు, కార్డు చక్కెర మీద బతికే ఇంట్లో రోజూ జరిగే పని కాదు. ఏడాదికొక పుట్టినరోజుకో, క్రిస్మస్‌కో, డిసెంబర్ 31 రాత్రికో మాత్రమే అది సాధ్యం.

*

కేకు సులువైన రోజులొచ్చేసరికి ఫ్యాక్టరీకి కష్టం మొదలైంది.

చెరకు ఓపిక లేని పంట. పొలంలో పది, పన్నెండు నెలలు ఉంటుంది కానీ కోశాక ఒక రోజు ఆగదు. గడలోని చక్కెర విడిపోవడం మొదలవుతుంది, తూకం తగ్గుతుంది. కాబట్టి మిల్లు పక్కనే ఉండాలి, చెప్పిన రోజుకి కోత పడాలి, ఆపైన డబ్బు చేతికి రావాలి. అటు ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. నిజాంసాగర్‌లో పూడిక చేరి మొదటి సామర్థ్యంలో పెద్ద భాగం పోయింది. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీళ్లు హైదరాబాద్ నల్లాలకీ పంచాల్సి వచ్చింది. రైతు వరి వైపు, సోయా వైపు, పసుపు వైపు చూశాడు.

2002లో అప్పటి ప్రభుత్వం శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లను కలిపి 51 శాతం వాటాని ప్రైవేటు భాగస్వామికి ఇచ్చింది. కొత్త పేరు నిజాం దక్కన్ షుగర్స్. అమ్మకం తీరు మీద శాసనసభా సంఘం విచారించింది, కోర్టు కేసులు నడిచాయి. తెలంగాణ వస్తే ఫ్యాక్టరీని సర్కారే నడుపుతుందన్న మాట ఉద్యమంలో పదేపదే వినబడింది. తెలంగాణ వచ్చింది. 2015 డిసెంబరులో మూడు యూనిట్లూ మూతపడ్డాయి. 2019లో కంపెనీ లిక్విడేషన్‌కి ఆదేశం వచ్చింది. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. 2024లో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం ఒక కమిటీ వేసింది.

ప్రైవేటీకరణ వల్లే అంతా పోయిందని ఒక వాదన. నీళ్లూ పాత యంత్రాలూ ముందే దెబ్బతీశాయని ఇంకో వాదన. నా మటుకు నాకు రెండూ ఒకే సంగతికి రెండు కొసలు అనిపిస్తాయి. ఆ ఫ్యాక్టరీ పుట్టిందే ప్రభుత్వం కట్టిన ఆనకట్ట మీద, ప్రభుత్వం పెట్టిన సుంకం మీద, ప్రభుత్వ పెట్టుబడి మీద. అందులోంచి ఫ్యాక్టరీని ఒక్కదాన్నే విడదీసి అమ్మితే నిలబడుతుందనుకోవడం, మొలాసిస్ నుంచి పలుకుని విడదీసినంత తేలిక పని కాదు. నష్టం కాగితాల మీద కంపెనీకి వచ్చింది. బయట అది ట్రాక్టర్లకీ, కోత కూలీలకీ, గేటు ముందు హోటళ్లకీ వచ్చింది.

*

2020 లాక్‌డౌన్‌లో దేశమంతా కేకులు చేయడం నేర్చుకుంది. నిజామాబాద్‌లాంటి ఊళ్లల్లో కూడా ఫోన్ మీద ఆర్డర్లు తీసుకుని ఇంట్లోంచే కేకులు చేసి అమ్ముతున్న ఆడవాళ్లు ఇప్పుడున్నారు. చిన్న వ్యాపారమైతే ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుంటే సరిపోతుంది. బేకరీ కూల్ కేకు మీద ఉండేది ఎక్కువగా పామాయిల్‌తో చేసిన క్రీము. వీళ్లు వెన్నా కోకో వేసి చేస్తామని చెప్పుకుంటారు, అది న్యాయమైన గర్వమే.

వాళ్లు వాడే చక్కెర మాత్రం ఎక్కడిదైనా కావచ్చు. కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లు ఇంకా ఆడుతోంది. పక్కనే మహారాష్ట్ర ఉంది. తెల్ల చక్కెర గొప్పదనమూ లోపమూ ఒకటే. దానికి ఊరి వాసన ఉండదు. ఏ గడ ఏ కాలువ కింద పెరిగిందో, ఎవరు కోశారో, వాళ్లకి డబ్బు ముట్టిందో లేదో నాలుకకి తెలియదు. బెల్లానికైతే ఊరి పేరు చెబుతాం, అనకాపల్లి బెల్లం అని, కామారెడ్డి బెల్లం అని. చక్కెరకి అలాంటి పేరు కష్టం. ఒక్క ఊరు మాత్రం ఎదురు తిరిగి చక్కెర పేరునే తన పేరుగా పెట్టుకుంది. బోధన్ పక్కన ఆ ఊరు ఇంకా ఉంది. పేరు ఇంకా శక్కర్‌నగరే.