ఉన్నచోటు తెలుపు ఉపగ్రహములు

దారి తెలియని మిత్రునికి నేడు గుర్తులు చెప్పనక్కరలేదు. స్మార్ట్‌ఫోను పటముపై ఉన్నచోటును గుర్తించి పంపిన చాలును. ఈ సౌకర్యమునకు మూలము తలక్రిందులైన ఒక ప్రశ్న.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించెను. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో గయర్, వైఫెన్‌బాక్ అనువారు దాని రేడియో సంకేతములను వినిరి. ఉపగ్రహము సమీపించునపుడు పౌనఃపున్యము హెచ్చుగను, దూరమగునపుడు తక్కువగను ఉండెను. స్టేషను దాటిపోవు రైలు కూతలోను ఈ డాప్లరు ఫలితమును గమనింపవచ్చును. దీనినిబట్టి వారు ఉపగ్రహకక్ష్యను గణించిరి. 1958లో అదే ప్రయోగశాలకు చెందిన మెక్‌క్లూర్ ప్రశ్నను తిరగవేసెను: కక్ష్య తెలిసినచో, వినువాడున్న చోటు తెలియదా? జలాంతర్గాములకు దారిచూపు ట్రాన్సిట్ ఉపగ్రహములు అట్లు పుట్టినవి.

1978లో తొలి ఉపగ్రహమును పంపిన జి.పి.యస్. పద్ధతి కాలమును కొలుచును. సంకేతము ప్రయాణించిన కాలమును కాంతివేగముతో గుణించిన దూరము వచ్చును. మూడు ఉపగ్రహముల దూరములు స్థానమును తెలుపును. నాల్గవది ఫోను గడియారపు తప్పును దిద్దును. సెకనులో పదిలక్షలవవంతు పొరపాటు దూరములో 300 మీటర్ల దోషమగును.

1983 సెప్టెంబరు 1న దారితప్పిన కొరియా విమానమును సోవియట్ సైన్యము కూల్చగా 269 మంది మరణించిరి. అటుపిమ్మట ఈ సైనికసాధనమును పౌరవిమానములకును ఇచ్చెదమని అమెరికా ప్రకటించెను. పౌరసంకేతములో బుద్ధిపూర్వకముగా కలిపిన దోషమును 2000 మే నెలలో మానివేసెను. 2013 జూలై 1న భారతదేశము తన స్థాననిర్ణయ ఉపగ్రహములలో మొదటిదానిని శ్రీహరికోటనుండి పంపెను.

ఫోను ఎక్కడున్నదో ఈ ఉపగ్రహములకు తెలియదు. అవి పలుకును, ఫోను వినును. ఆ చోటును ఇతరులకు చేరవేయునది భూమిపైనున్న ఫోను యంత్రాంగమే. ఎవరికి, ఎంతసేపు తెలుపవలెనో నిర్ణయించుకొనవలసినవాడు మాత్రము మనుష్యుడే.